మైకులో మణి పేరు

నర్సీపట్నంలో ఓ బట్టల షాపు మెట్ల పక్కన కుట్టు మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుడతాను. నా పేరు జోగులు. సరిగ్గా నా నెత్తి మీదే స్పీకరు ఉంటుంది. ఓనరు జగదీశ్వరరావు గారు గుమ్మం మీద పెద్ద స్క్రీనూ, ప్రతి అంతస్తులో స్పీకర్లూ పెట్టించిన రోజు నుంచి నా చెవులు నావి కావు. ఆ గొంతు మణిది కాబట్టి సరిపోయింది గానీ, ఇంకొకరిదైతే ఎప్పుడో వైరు కత్తిరించేవాణ్ణి.

మణి మైకు పిల్ల. పాయకరావుపేట వైపు సముద్రం ఒడ్డు ఊరు. ఇదే షాపులో ప్యాంటు గుడ్డలు అమ్మే ధర్మారావును, గొలుగొండ రైతుల అబ్బాయిని, ఇష్టపడి చేసుకుంది. దాంతో పుట్టిల్లు పోయింది. అన్న పెదబాబు ఊళ్లో అడుగు పెట్టనివ్వడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అతని జేబులోనే ఉంటుంది. తల్లి పాపాయమ్మ "నీ పేరు ఇంక నా నోట రాదు" అని ఒట్టు పెట్టుకుంది.

"అందరూ మణీ మణీ అంటారు బాబాయ్. మాయమ్మ అన్నట్టు ఎవుళూ అనరు," అంది నాతో ఓసారి. కొడుకు పుట్టాక ఆ బెంగ ఇంకా ముదిరింది.

ఆఫర్లు చెప్పడంతో పాటు, షాపులో తప్పిపోయిన వాళ్లను కలపడం కూడా మణి పనే. "ఫలానా గారూ, మీ వాళ్లు కౌంటర్ దగ్గర ఎదురుచూస్తున్నారు" అంటుంది. పెద్దవయసు ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పరు కదా, ఎంత అడిగినా నవ్వి తల దించుకుంటారు. విసుగొచ్చి మణి మైకునే వాళ్ల నోటి ముందు పెట్టేది. వాళ్లు "ఇదిగో, నిన్నే" అనగానే అన్ని అంతస్తుల మొగుళ్లూ దిగి వచ్చేవారు. పోను పోను షాపులో అదే ఆనవాయితీ అయింది.

ఈ మధ్య సంత రోజుల్లో ఒక పెద్దావిడ ఎండు చేపలు అమ్ముకుని, ఖాళీ గంపతో వచ్చి నా పక్క మెట్టు మీద కూర్చునేది. లోపలికి వెళ్లదు. స్పీకరు మాట్లాడినంతసేపూ తలెత్తి వింటుంది.

"ఈ మాటాడే పిల్ల లోపలే ఉంటాదా బాబూ?" అని అడిగిందొకసారి.

"ఉంటాదమ్మా. ఎల్లి సూడు."

"వొద్దులే. ఇనిపిస్తంది గదా."

సాయంత్రం మణికి చెప్పాను. రెండు పక్కలా ముక్కుపుడకలు, ఎడం చేతి మీద తేలు పచ్చబొట్టు అనగానే "మాయమ్మే" అంది. మళ్లీ సంత ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. తీరా ఆ రోజుకి పిల్లాడికి జ్వరం. మణి రాలేదు. స్క్రీనూ స్పీకర్లూ చూసుకునే గోవింద్ ఆమె గొంతులో ఆఫర్లన్నీ ముందే రికార్డు చేసి పెట్టుకున్నాడు. మనిషి లేకపోయినా మాట నడుస్తూనే ఉంది.

నేనేదో తొందర చీర మీద తల వంచుకుని కుడుతున్నాను, మెట్లెక్కి ఎవరు వెళ్లారో చూసుకోలేదు. ఉన్నట్టుండి నెత్తి మీద వేరే గొంతు వినిపించింది.

"మణీ... నానే, మీయమ్మని. కిందున్నాను. ఓపాలి రాయే."

మణి సీట్లో ఆ రోజు కొత్త పిల్ల కూర్చుంది. పాపం, కూతురు తప్పిపోయిందనుకుని ఆనవాయితీ ప్రకారం మైకు అందించింది. కుడుతున్నది వదిలేసి లోపలికి పరిగెత్తాను. జనాన్ని తోసుకుని వెళ్లేలోపే స్పీకర్లో మణి గొంతు హుషారుగా అందుకుంది.

"మొదటి అంతస్తులో పట్టు చీరల మీద ప్రత్యేక తగ్గింపు..."

పిలిచినా కూతురు చీరల సంగతే చెప్పుకుపోయింది. ఆ తల్లి ఇంకేమనుకుంటుంది? నేను కౌంటర్ చేరేసరికి వెనక గుమ్మం గుండా వెళ్లిపోయింది. బస్సుల కాంప్లెక్స్‌కి పోయి చూస్తే వాళ్ల ఊరి బస్సు కూడా వెళ్లిపోయింది.

మర్నాడు మణికి చెప్పాను. "ఎలా పిలిసింది బాబాయ్?" అంది. పిలిచి చూపించాను. "సాగదీసిందా?" అంది. సాగదీసిందన్నాను. ఆ పిలుపు కంప్యూటర్లో ఉందేమోనని గోవింద్‌ని అడిగింది.

"మైకులో మాటాడినవి ఉండవక్కా. రికార్డు సేసినవే ఉంటాయి," అన్నాడు వాడు. అప్పుడు ఏడ్చింది.

తర్వాతి సంతకి నేనే వెళ్లి ఎండు చేపల వాళ్లను అడిగాను. "ఇటు మానేసిందండీ, తుని సంతకి ఎల్తంది. కనపడితే సెప్తాంలే," అన్నారు.

ఇప్పుడు సంత రోజున మణి రికార్డు ఆపించేస్తుంది. పొద్దున్నుంచీ మైకు ముందు తనే కూర్చుని, గొంతు బొంగురుపోయినా లేవదు. నేను పక్క మెట్టు మీద ఎవరినీ కూర్చోనివ్వను. ఆఫర్ల మధ్యలో ఆ మాట వచ్చినప్పుడల్లా మిషన్ ఆపి రోడ్డు వైపు చూస్తాను.

"పాపాయమ్మ గారూ, మీ అమ్మాయి మణి కౌంటర్ దగ్గర ఎదురుచూస్తోంది. అమ్మా, ఇది రికార్డు కాదే. నానే."