తాళం వేసిన గదిలో లాగిన్

నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్లిపోతాను. నా కూతురి మీద ఒట్టు... ఇది నాకు జరిగింది.

ఫోర్‌జీ ఇంకా మా వైపు రాని రోజులు. శ్రీకాకుళంలో ఓ చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పని. కళింగపట్నంలో తుఫాను షెల్టర్ మేడ మీద, తాళం వేసిన గదిలో మా రౌటర్ ఒకటి ఉండేది. శ్రీకాకుళం కంట్రోల్ రూంలో మాట్లాడిన మాట ఆ రౌటర్ మీదుగా ఒడ్డునున్న టవర్‌కి వెళ్లేది. అక్కణ్ణుంచి సముద్రంలో బోట్ల వైర్‌లెస్ సెట్లలో వినిపించేది.

ఆ రాత్రి వాయుగుండం ముదిరింది. నాలుగు బోట్లు లోపలే ఉన్నాయి. ఒకదాంట్లో పోలయ్య. ఏడాది కిందటి దాకా నా పక్క కుర్చీలో ఈ పనే చేశాడు. జీతం చాలక మళ్లీ వేటకి పోయాడు, వెధవ.

సరిగ్గా అప్పుడే లింకు పోయింది. కంట్రోల్ రూంలో పనిచేసే సింహాచలం ఫోన్ చేశాడు.

"ఏటి బావా ఇది! మైకుల ఎంత అరిసినా ఎవుడూ పలకట్లేదు. ఎనక్కి రమ్మని ఎలాగ సెప్పాల? తొరగా సూడు!"

రోడ్డు మీద చెట్లు పడ్డాయి. వెళ్లే దారి లేదు. నెమ్మదిగా పనిచేసే రెండో లైను ఒకటుంది. దాంతో ఆఫీసు నుంచే రౌటర్‌లోకి లాగినయ్యాను. అక్షరం కొడితే... కాసేపటికి కనిపించేది.

మాకో అలవాటుంది. దూరం నుంచి ఏదైనా మార్చే ముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొడతాం. మార్పు తప్పై మనకే దారి మూసుకుపోతే, పది నిమిషాలకి రౌటర్ తనే ఆగి, మళ్లీ లేచి పాత పద్ధతికి వస్తుంది. మార్పు కుదిరితే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టాలి. మర్చిపోతే బాగైన లింకు కూడా పడిపోతుంది.

నేను మర్చిపోయాను.

అది కొట్టి, మార్పు చేశాను. లింకు లేచింది. "పలికినారు బావా! ఒక బోటు పలికింది!" అని సింహాచలం ఫోన్లో గంతులేస్తున్నాడు. ఆ సంబరంలో గడియారం చూడలేదు. చూసేసరికి... తొమ్మిది నిమిషాలు దాటింది.

గబగబా క్యాన్సిల్ కొట్టబోయాను. రెండు మూడు అక్షరాలు కొట్టానో లేదో, తెర బిగుసుకుపోయింది. కదల్లేదు. ఫ్యాను కిర్రు... కిర్రు. ఎంటర్ కొట్టానా? లేదు. ఒట్టు.

అప్పుడు తెర మీద... దానంతట అదే... ఓ వరుస వచ్చింది.

రీలోడ్ రద్దయింది.

ఎవరు రద్దు చేశారు? 'షో యూజర్స్' కొట్టాను. లోపల ఎవరెవరున్నారో చూపిస్తుంది. నా పేరు ఉంది. దాని పైన ఇంకొకటి. కన్సోల్. అంటే దూరం నుంచి కాదు... ఆ గదిలోనే, రౌటర్‌కి వైరు గుచ్చుకుని కూర్చున్న మనిషి.

పేరు... పోలయ్య.

పాత లాగిన్ మూయకుండా మిగిలిపోయిందేమో అనుకున్నాను. కానీ ఎంతసేపటి నుంచి ఊరికే ఉన్నాడో పక్కనే చూపిస్తుంది. సున్నా సెకన్లు. అంటే ఇప్పుడే, ఈ క్షణంలోనే ఏదో కొడుతున్నాడు. మళ్లీ కొట్టాను. సున్నా. "ఒరే పోలిగా!" అని ఖాళీ ఆఫీసులో గట్టిగా అరిచాను. మూడోసారి కొట్టేసరికి ఆ వరుస లేదు.

తెల్లారేసరికి మూడు బోట్లు ఒడ్డు చేరాయి. పోలయ్యది రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మర్నాడు ఆ తాళం నేనే తీశాను. నేల మీద దుమ్ము చెదరలేదు. కన్సోల్‌కి అసలు వైరే లేదు. మిషన్ తప్పు చూపించి ఉంటుందన్నారు మావాళ్లు. నువ్వే కొట్టి మర్చిపోయావన్నారు. అయ్యుండొచ్చు. ఏమో, నాకు తెలీదు.

నేను చేసిన బుద్ధితక్కువ పని, పోలయ్య పెళ్లాం నూకాలుకి ఇది చెప్పడం. ఆవిడ ఏడుస్తుంటే ఉండబట్టలేక చెప్పేశాను. అప్పట్నుంచి ఎక్కడ ఎదురైనా చేపల తట్ట దించి అడుగుతుంది.

"అన్నా... ఆడు మల్లీ అగుపించినాడేటి?"

లేదమ్మా అంటాను.

"అగుపిస్తే ఇంటికొచ్చీమని సెప్పన్నా. పిల్ల పెద్దదైపోనాది. మొకం గుర్తుపడతాడో నేదో."

నిన్న కూడా అడిగింది. సరేనమ్మా, చెబుతానన్నాను.