వేలి మందం మిగిలిన కథ

పోయిన నెల కంటి పరీక్షకని తిరుపతికి వెళ్లాను. డాక్టరు పిలవడానికి ఇంకా గంట పడుతుందన్నారు. ఒకచోట ఊరికే కూర్చునే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు కాబట్టి వీధిలోకి వచ్చి నాలుగడుగులు వేశాను. బస్టాండు దారిలో పాత పుస్తకాలు పరిచి అమ్ముతున్న ఒకాయన ముందు, పోటీ పరీక్షల గైడ్ల కింద నలిగిపోతూ, అట్ట లేని లావుపాటి పుస్తకం ఒకటి కనిపించింది. తీసి చూస్తే మొదటి పేజీలో చిత్తూరు అద్దె పుస్తకాల షాపు ముద్ర సగం చెరిగిపోయి ఉంది. చేతులు వాటంతట అవే ఆ పేజీకి వెళ్లాయి. 'ఇక పోతున్నాను, సెలవు' అని అచ్చయిన చోట పెన్సిలుతో అడ్డగీత, దాని పైన నా చేతిరాతతోనే 'పొయ్యొస్తా' అన్న మాట. నా ముఖం ఎలా మారిందో ఏమో, ఆ పుస్తకాలాయన "ఏమ్మా, కండ్లు తిరగతాండాయా, ఈడ కూచో" అని తన స్టూలు జరిపాడు. ఆరోజు నేను నా జన్మలో మొదటిసారి బేరమాడకుండా ఒక వస్తువు కొన్నాను.

అద్దె నవలల సంగతి మన తరం వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తొంభైల్లో నేను మా ఊరి నుంచి, అంటే ఐరాల పక్కన పల్లె నుంచి, రోజూ చిత్తూరుకు బస్సులో వెళ్లి ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రం బస్సు వచ్చేలోగా అద్దె షాపులో దూరి, వారానికొక నవల సంచిలో పెట్టుకుని వచ్చేదాన్ని. అందరూ ఇంటింటి కాపురాల కథలు ఎగబడి చదువుతుంటే నాకు మాత్రం కోటలు, యుద్ధాలు, దేశాలు పట్టిపోయే ప్రేమలు కావాలి. వాటిలో కథానాయకుడికి భుజం మీద కత్తిగాటు తప్పనిసరి, నాయికేమో పన్నెండేళ్లు ఎదురుచూసినా ఒక్క వెంట్రుక నెరవదు, పొయ్యి ముట్టించిన పాపాన పోదు. ఇదంతా తెలిసి నవ్వుకుంటూనే, బస్సులో కళ్లు తుడుచుకుంటూ దిగాల్సిన ఊరు దాటిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఈ అట్టలేని పుస్తకం మూడు భాగాలు కలిపి కుట్టినది. ఒక పాలెగాడి కోటలో సైన్యాన్ని నడిపే యువకుడు, నేతగాళ్ల ఇంటి పిల్ల ఒకరినొకరు మనసిచ్చుకుంటారు. కోట పడిపోతుంది. గెలిచినవాళ్లు అతన్ని ఓడెక్కించి సముద్రం అవతల దీవికి పంపేస్తారు. ఆ పిల్ల కాలిపోయిన వీధిలోనే మగ్గం వేసుకుని, అతని కోసం నేసిన పంచె అంచు దగ్గర ఆపి, పూర్తి చేయకుండా ఉండిపోతుంది. దాన్ని వారం వారం అద్దె కడుతూ అట్టిపెట్టుకుని ఇంట్లో మా అవ్వకు చదివి వినిపించడం మొదలుపెట్టడమే నేను చేసిన తప్పు.

మా అవ్వ, అంటే మా నాయనకు అమ్మ. ఆవిడకు అక్షరం ముక్క రాదు. మా నాయన పాకే వయసులో ఉండగా తాత కూలి బాగుంటుందని మద్రాసులో ఓడెక్కి రంగం వెళ్లాడట. రంగూన్‌ను మా పెద్దలు రంగమనే అనేవాళ్లు. అక్కడ బియ్యం మిల్లులో పని. కొన్నాళ్లకే యుద్ధం వచ్చి, ఊరి మీద బాంబులు పడి, మనవాళ్లు వేలకు వేలు అడవుల్లో పడి కాలినడకన తిరిగివచ్చారు. అలా ఎముకల గూడై వచ్చిన మా పక్క ఊరి మనిషి ఒకడు, తాతకు జ్వరమొచ్చి ఒక ఏటి ఒడ్డున కూలబడ్డాడని, మీరు నడవండి నేను వెనక వస్తానన్నాడని చెప్పాడు. అంతే, ఆ పైన కబురు లేదు. పన్నెండేళ్లు ఆచూకీ లేని మనిషికి దర్భలతో బొమ్మ కట్టి, ఆ బొమ్మకే కర్మ చేసి, పెద్దల్లో కలిపేయడం ఆచారం. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. యాభై ఏళ్లు దాటినా పొద్దున్నే నుదుట మైనం రాసి దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టుకునేది. పేరంటాలకు ఆవిడను పిలవాలో మానాలో తెలియక ఊళ్లో ఆడవాళ్లు నసిగేవాళ్లు. అవ్వ మాత్రం పిలిచినా పిలవకపోయినా వెళ్లేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని చదివేదాన్ని. అవ్వ చింతపండు గింజలు తీస్తూ వినేది. ఓడ ఎక్కే ముందు అతను ఆ పిల్లతో 'ఇక పోతున్నాను, సెలవు' అంటాడు. అవ్వ చెయ్యి ఆగిపోయింది. "పోతానంటాడా? ఎవురైనా ఇంట్లోంచి పోతా పోతా అట్లంటారా పాపా? పొయ్యొస్తా అనమను. ఆ మాట అనకుండా పోయినోడు యాడొస్తాడు?" అంది. మనవాళ్లలో వీధి చివరి అంగడికి వెళ్లేవాడు కూడా పోతానని అనడు కదా. పుస్తకం రాసినాయన ఏ లోకంలో ఉండి రాశాడో గానీ, నేను పెన్సిలు తీసి అక్కడికక్కడే ఆ మాట దిద్దాను. దిద్ది మళ్లీ చదివితే, అవ్వ ఒక నిట్టూర్పు విడిచి, మీ తాత ఆ మాట అనే పోయినాడని చెప్పి మళ్లీ గింజలు తీయసాగింది. ఆవిడ యాభై ఏళ్ల కాపురం, చూడబోతే, ఆ ఒక్క మాటతోనే జరిగింది.

చదువు రాదన్న మాటే గానీ అవ్వకు లెక్క బాగా తెలుసు. ప్రతి ఆదివారం ముగించేటప్పుడు పుస్తకం చేతిలోకి తీసుకుని, నేను గుర్తుగా ఈక పెట్టిన చోటు నుంచి చివరిదాకా మిగిలిన కాగితాలను వేళ్ల మధ్య పట్టి చూసేది. ఇంకా నాలుగు వేళ్ల మందం ఉండాదే, ఇంకా మూడు వేళ్లు ఉండాదే అని సంబరపడేది. మళ్లీ వెంటనే, ఆ పిల్లోడు వస్తాడా రాడా ముందే చూసి చెప్పమని బతిమాలేది. నేను చెప్పేదాన్ని కాదు. నాకు మాత్రం తెలుసు, ఆగలేక బస్సులోనే చివరిదాకా చదివేశాను. అతను వస్తాడు. తల నెరిసి, ఒక కాలు ఈడుస్తూ, పద్దెనిమిదేళ్లకు వస్తాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు బంగారుపాళ్యం సంబంధం వచ్చింది. అంతకుముందు రెండు సంబంధాలు మాటలదాకా వచ్చి జారిపోయాయి. ఈ అబ్బాయి మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పెళ్లిచూపుల్లో అందరూ నాకు వంట వచ్చా అని అడుగుతుంటే, తను మాత్రం కిటికీలో ఉన్న లావు పుస్తకం చూసి అది ఏం కథ అని అడిగాడు. దాంతో నా పని అయిపోయింది. అయితే వాళ్ల పెద్దలు ఒక మాట పట్టుకున్నారు. పెళ్లికి ముందు పెద్దలకు పెట్టుకోవాలి, మీ తాతను పెద్దల్లో కలిపారా లేదా, ఉన్నట్టా లేనట్టా, తేల్చుకుని కబురు చేయండి అన్నారు. నాయన అవ్వ దగ్గర కూర్చుని తల వంచుకుని ఆ మాట చెప్పాడు. అవ్వ కోప్పడలేదు. "పాప సదివే కత అయిపోనీప్పా. ఆ పిల్లోడు వస్తాడో రాడో సూసి సెప్తా" అంది.

నాయన నన్ను ఏం చేయమనీ అడగలేదు, ఆ నింద ఆయన మీద పెట్టకూడదు. ఆ వారమంతా నేనే ఆలోచించాను. ఆవిడ ఎలాగూ రానివాడి కోసం కదా ఎదురుచూస్తోంది, నిజం తెలిస్తే మనసు తేలికపడుతుంది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు, నేను ఆడేది ఒక్కటేగా అని కూడా అనుకున్నాను. ఆదివారం తిన్నె మీద కూర్చుని, పుస్తకంలో లేని మాటలను పుస్తకంలో ఉన్నట్టే చదివాను. దీవిలో జ్వరమొచ్చి అతను ఒడ్డున పడిపోయాడని, సముద్రం వైపు చూస్తూ కన్నుమూశాడని, కబురు విని ఆ పిల్ల మగ్గం మీది పంచె అంచు కట్టి ముగించి ఏట్లో వదిలిందని చదివి పుస్తకం మూశాను.

అవ్వ అలవాటుగా చెయ్యి చాపింది. పుస్తకం తీసుకుని, ఈక ఉన్న చోటు నుంచి చివరి వరకు వేళ్ల మధ్య పట్టి చూసింది. ఇలా కొలిచి చూస్తుందన్న సంగతి నేను పూర్తిగా మరచిపోయాను. "ఇంకా వేలి మందం ఉండాదే పాపా" అంది. అవి వేరే పుస్తకాల ప్రకటనలు అవ్వా, కథ కాదు అన్నాను. అవ్వ నా ముఖం వైపు చూసింది. ఆ చూపును ఇన్నేళ్లలో నేను మరవలేదు. అందులో కోపం లేదు, అనుమానం ఉందా అంటే అదీ చెప్పలేను. అట్లనా అని మాత్రం అని, ఆ సాయంత్రమే నాయనను పిలిచి, కానీండి అంది.

బాహుదా ఏటి ఒడ్డున తాతకు దర్భబొమ్మ కట్టారు. ఆ పొద్దున బయలుదేరే ముందు అవ్వ ఆ పుస్తకం ఒకసారి ఇవ్వమని అడిగి, లోపలి గదిలోకి తీసుకుపోయి, కాసేపటికి కొంగు నుదుటి మీదికి లాక్కుని తెచ్చి నా చేతిలో పెట్టింది. మధ్యాహ్నం తిరిగి వచ్చినప్పుడు ఆవిడ నుదురు బోడిగా ఉంది. చిన్నప్పటి నుంచి చూసిన ముఖం, గుమ్మంలో ఎదురుపడితే ఎవరో అనుకుని ఒక క్షణం తడబడ్డాను. మర్నాడే పుస్తకం షాపులో ఇచ్చేశాను, తెరిచి చూసే ధైర్యం లేక.

రెండు నెలలకు నా పెళ్లయింది. అత్తవారింటికి బయలుదేరుతూ కాళ్లకు మొక్కి, పొయ్యొస్తా అవ్వా అంటే, "పొయ్ రా పాపా. నువ్వన్నా మాట మీద నిలబడు" అంది. నేను నెలకొకసారి వెళ్లేదాన్ని, అవ్వ ఇంకెప్పుడూ కథ చదవమని అడగలేదు. పుస్తకం తీసుకెళ్లినా, వద్దులే పాపా, కండ్లకు శ్రమ అనేది, చదివేది నేనైనా. రెండో ఏడు మామిడికాయలు దిగే రోజుల్లో ఆవిడ వెళ్లిపోయింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది. చివరి మాట ఏమందని నాయనను అడిగితే, పోతాండా, పాపకు చెప్పండి అందన్నాడు. బతుకంతా ఆ మాటను గడప దాటనివ్వని మనిషి, పొయ్యొస్తా అనలేదు.

ఇప్పుడు ఆ అద్దె షాపు ఉన్న చోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. మా ఇంట్లో పిల్లలు బయటికి వెళ్తూ బై అంటారు, ఫోను పెట్టేస్తూ బై అంటారు, నేనూ బై అంటున్నాను. ఎవరు ఎక్కడున్నారో చేతిలోని ఫోనే చెప్పేస్తుంటే ఎవరైనా ఎవరి కోసమైనా ఎదురుచూడటమనేది ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పడం నాకు చేతకావడం లేదు. మంచిదేనేమో. ఒక మాట పట్టుకుని యాభై ఏళ్లు కూర్చునే బతుకు ఎవరికీ రాకూడదనే అనుకుంటాను. అయినా ఎవరైనా బై అని తలుపు వేసుకుని పోతే, ఆ మాట సగమే అన్నట్టు నాకు చెవుల్లో వెలితిగా ఉంటుంది.

తిరుపతి నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ పుస్తకంలో వేలి మందం కాగితాలు వేళ్ల మధ్య పట్టి చూశాను. తర్వాత చివరి పేజీ తీశాను. అక్కడ, కథ ముగిసిన వాక్యం పక్కన, రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. దాని చుట్టూ మైనం కాగితంలోకి ఇంకి పసుప్పచ్చని వలయం. చదువు రాని మనిషికి ఎక్కడ ఏముందో తెలియదు, కానీ ఏ కథైనా చివరి కాగితం మీదే ముగుస్తుందని మాత్రం తెలుసు. అక్కడ అతను వచ్చి ఉంటాడనీ తెలుసు. తెలిసే, నా కోసం, వచ్చినవాడికి తన నుదుటి బొట్టు అక్కడ అప్పజెప్పి ఏటి ఒడ్డుకు నడిచింది.

నేను ఏడ్చాను. ఏడుపు ఆగాక వసారాలో కూర్చుని, మూడో తరగతి పిల్లలకు వినిపించేంత గొంతుతో, అవ్వకు బాకీపడ్డ ఆ వేలి మందాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. తల నెరిసిన మనిషి కాలు ఈడుస్తూ వచ్చి, మగ్గం చప్పుడు వినిపించే గుమ్మం ముందు నిలబడి ఒకే ఒక్క మాట అంటాడు. పాతకాలపు పుస్తకభాషలో రాసిన ఆ మాట అచ్చం మా అవ్వ మాటలాగే ఉంది. నా పెన్సిలుకు అక్కడ పని లేదు.

'వచ్చినాను.'