తాలుకాయల పొగ

పోపులో మిరపకాయ మాడినప్పుడల్లా నాకు దగ్గు కంటే ముందు సుగుణమ్మ టీచరు గుర్తొస్తుంది. ఆవిడ విషయంలో నేను చేసిన పనిని ఇన్నేళ్ళూ కడుపులోనే దాచుకున్నాను. బరువే. మా ఆయన పోయేదాకా ఆయనకూ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పిరికితనమే అనుకోండి.

మాది గుంటూరును ఆనుకుని ఉన్న ఊరు. యాభైల చివర్లో మా ఊరిని పట్నంలో కలపాలా వద్దా అని పెద్ద రగడ జరిగింది. కలిస్తే ఇంటిపన్ను పెరుగుతుందని, గేదెల్ని వీధిలో కట్టనివ్వరని మగవాళ్ళ గోల. నాకు వాటితో పనిలేదు. కలిస్తే కుళాయిలు వస్తాయి. నా భయమల్లా అదే.

ఊరంతటికీ మంచినీళ్ళున్నది మా బావిలోనే. మిగతావన్నీ ఉప్పునీళ్ళు. ఊరవతల పాలెం వాళ్ళు, అంటు పేరుతో, మా బావిలో చేద వెయ్యకూడదు. గట్టుకు అవతల బిందెలు పెట్టుకుని నిలబడితే నేను తోడి పోసేదాన్ని. పుణ్యం చేస్తున్నాననుకునేదాన్ని. నిజంగా పుణ్యమేనా? అంతమంది నా చెయ్యి వంక చూస్తూ నిలబడటం నాకు ఇష్టం. అత్తగారింట్లో ఇంకెవరూ నాకోసం ఎదురుచూసేవాళ్ళు కాదు మరి.

సుగుణమ్మ టీచరు ఆ పాలెం మనిషే. మిషన్ బడిలో చదువుకుని, అక్కడే పంతులమ్మ అయింది. మడత చెడని తెల్లచీర, చంకలో బిందె. అందరితో పాటే వరసలో నిలబడేది.

ఫాల్గుణంలో ఊరి అభిప్రాయం వినడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. బడి ఆవరణలో కుర్చీలు వేశారు. ప్రహరీకి ఇవతలే మా మిరప కల్లం. నేను కూలీల వంట పొయ్యి దగ్గరున్నాను. మగవాళ్ళు వద్దంటే వద్దన్నారు. అప్పుడు ఆవిడ కాగితం పట్టుకుని లేచింది. పాలెంలో ఒక్కో ఆడమనిషి నీళ్ళకోసం ఎంతసేపు నిలబడుతుందో, బిందె మొయ్యడానికి బడి మానేసిన ఆడపిల్లలెవరో, పేర్లతో సహా చదివింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మా బావి పేరైనా ఎత్తలేదు. ఆఫీసరు రాసుకోవడం మొదలుపెట్టాడు. మా మామగారు కూడా తల ఊపారు. ఇక అయిపోయిందనుకున్నాను.

తాలుకాయలు, అంటే ఏరి పారేసే రంగు వెలిసిన మిరపకాయలు, చేటెడు తీసి పొయ్యిలో పోశాను. ఎవరైనా అడిగితే రాశికి దిష్టి తీశానని చెబుదామనుకున్నాను. దిష్టికి గుప్పెడు చాలు. నాకు తెలియదూ?

గాలి బడివైపే ఉంది. కండువాలు మూతికి అడ్డం పెట్టుకుని అందరూ దగ్గుతూ పరుగు. ఆవిడ మాత్రం కొంగు ముక్కుకు పెట్టుకుని, ఖాళీ కుర్చీల ముందు, కాగితం చివరిదాకా చదివింది. అంత ధైర్యం నేను కళ్ళారా చూసింది అదొక్కసారే. ఆఫీసరు జీపెక్కి వెళ్ళిపోయాడు. సంగతి మూలపడింది.

మగవాళ్ళు కల్లంలో కాయలు ఏరుతున్న పాలెం ఆడవాళ్ళ మీద పడ్డారు. "ఎవత్తే వేసింది?" అని ఒకాయన కర్ర ఎత్తాడు. పొయ్యి పక్కనే ఉన్న నేను నోరు మెదపలేదు. టీచరు గబగబా వచ్చింది. బడి చెత్త తనే తగలబెట్టించానని, అందులో మిరపకాయలు కలిసినట్టున్నాయని, తప్పు తనదని చెప్పింది. కుళాయి అడిగిన మనిషే దానికి పొగబెట్టుకుందని అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున ఆవిడ వంతు వచ్చింది.

"కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయండీ. చన్నీళ్ళతో కడుక్కోండి. నిన్న పొయ్యికి అందరికంటే మీరే దగ్గరగా ఉన్నారు," అంది.

"టీచరమ్మా..." అన్నాను.

"పొయ్యండమ్మా. వెనక చాలామంది ఉన్నారు."

చూసింది. అయినా చెప్పలేదు. చాలాకాలం అది ఉత్త మంచితనం అనుకున్నాను. తర్వాతగానీ అర్థం కాలేదు. నా పేరు బయటపడితే మావాళ్ళు ముందు చేసే పని పాలేనికి నీళ్ళు ఆపెయ్యడం. కర్ర ఎత్తిన మనిషి ముందు నిలబడి, ఆ ఒక్క నిమిషంలో ఆవిడ అంత దూరం ఆలోచించింది. అలాంటి మనిషిని మళ్ళీ చూడలేదు నేను.

దిష్టి ఉంటే మిరపకాయలకు ఘాటు రాదంటారు. ఆ రోజు ఊరంతా దగ్గింది. అంటే మా మీద ఎవరి కన్నూ లేదన్నమాట. వాళ్ళకు కావలసింది నీళ్ళే.

ఏడేళ్ళకు ఊరు పట్నంలో కలిసింది. ఆ ఏడేళ్ళూ ఆవిడ నిలబడింది, నేను పోశాను. పాలెం మొదట్లో కుళాయి పడిన రోజు నేనూ బిందె పట్టుకుని వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆవిడ బిందె నిండింది. దాన్ని పక్కకు తీసి, నా చేతిలో బిందె అందుకుని కుళాయి కింద పెట్టింది. నిండిన బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఆవిడ లేదు. క్షమించమని అడిగే మొహమూ లేదు నాకు. తాలుకాయలు పొయ్యిలో పోసింది నేను, టీచరమ్మ కాదు. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.