మూడు సెకన్ల సవరణ

ఆరేళ్ళుగా మూడు సెకన్లు మోస్తున్నాను. మూడు సెకన్లకి బరువేమిటని అడక్కండి. నా మెడ రెండంగుళాలు కుంగింది. మా డాక్టరు వయసన్నాడు. కాదని నాకు తెలుసు. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడలేదు, ఆ ధైర్యంతో.

ఐర్లండ్‌లో డ్రోహెడా అనే ఊరి దగ్గర ఒక ప్లాంటులో పనిచేస్తాను. గుండె నాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు చేస్తాం. తెలుగువాళ్ళం ఎంతమందిమంటే, క్యాంటీన్‌లో ఐరిష్ వాళ్ళే భాష రానట్టు బిక్కుబిక్కుమంటూ తింటారు. శనివారాలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాం. మీదపడి ఎముకలు విరగ్గొట్టుకునే రకం కాదు. నడుముకి కట్టుకున్న గుడ్డపీలిక లాగేస్తే ఆట ఆగిపోయే మర్యాదస్తుల రకం. అప్పట్లో క్వార్టర్‌బ్యాక్‌ని నేనే. అంటే బంతి అందుకుని, పరిగెత్తేవాళ్ళలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి, ఏడు సెకన్లలోపల విసరాల్సిన మనిషిని. నాకు రెండు సెకన్లు చాలేవి, ఎందుకంటే నేను చూసేవాణ్ణి కాదు. నేను విసిరిన బంతి ఒకటి ఇంకా కింద పడలేదని మావాళ్ళంటారు.

శ్రీలత వేరు. మా ప్లాంటులోనే ఇంజనీరు, కరీంనగర్ అమ్మాయి. రెండేళ్ళు నా వెనక బల్లమీద కూర్చుని నేర్చుకుంది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో ఒకప్పుడు అలాగే కొత్తవాళ్ళని సీనియర్ వెనక కూర్చోబెట్టి తయారుచేసేవాళ్ళు. ఈమధ్య క్వార్టర్‌బ్యాక్‌ని గట్టిగా గుద్దకూడదని రూల్స్ బిగించాక, కొత్తవాళ్ళని వచ్చీ రాగానే దింపేస్తున్నారు. నేను మాత్రం పాత పద్ధతే మంచిదని ఉపన్యాసాలిచ్చాను. మంచిదనే ఇచ్చానా? నా చోటు కాపాడుకోడానికా? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు.

ఆ అమ్మాయి ఆరో సెకను దాకా ఆగేది. అంత గాలి, గొర్రెలు కూడా ఒరిగి మేసే గాలి, అందులో విగ్రహంలా నిలబడి, అందరూ పరిగెత్తి పరిగెత్తి చివరికి ఎక్కడో ఒక సందు తెరుచుకునేదాకా చూసి, అప్పుడు వదిలేది. బంతి వెళ్ళి చేతుల్లో కూర్చునేది. ఆ ఆగడం నేను నేర్పిందే. నాకు రాదు, కానీ నేర్పాను.

ట్రాలీ అనే ఊళ్ళో ఉన్న మా కంపెనీ ప్లాంటు వాళ్ళతో, దారి మధ్యలో ఉండే పోర్ట్‌లీష్‌లో ఆట ఖాయమైంది. ఐర్లండ్ మహిళల జట్టుకి మనుషుల్ని వెతుకుతున్న కోచ్ ఒకావిడ శ్రీలతని చూడ్డానికే వస్తానంది. మా కెప్టెన్ శ్రీలతని మొదటినుంచీ ఆడిస్తానన్నాడు. నన్ను బల్లమీద కూర్చుని నీళ్ళ సీసాలు చూసుకోమన్నాడు. పదకొండు సీసాలు. నా హోదా అంతకి దిగింది.

మా ప్లాంట్లలో ఒక అలవాటుంది. ఏ పద్ధతి మారినా సవరణ నంబరు వేసిన కాగితం వస్తుంది. కింద ‘చదివాను, అర్థమైంది’ అని సంతకం పెట్టాలి. రోజుకి ఇన్ని వస్తాయి గనక ఎవరూ చదవరు. మా ప్లాంట్ల మధ్య ఆటలకి ఒక లీగ్ ఉంది, దాని రూల్స్ రాసిపెట్టే పని నాది. ఆట మూడువారాలుందనగా కూర్చుని సవరణ నాలుగు రాశాను. ‘ఏడు సెకన్లకు బదులు నాలుగు.’ కారణం అనే గడిలో ‘ప్రొఫెషనల్ లీగ్‌లో వచ్చిన మార్పు ప్రకారం’ అని కొట్టాను. ప్రొఫెషనల్ లీగ్‌లో ఆ గడువే లేదు. అందరూ సంతకం పెట్టారు. ట్రాలీ వాళ్ళు పెట్టి, స్కాన్ చేసి, థాంక్యూ అని కూడా రాశారు.

చదివింది ఒక్క మనిషి.

“అన్నా, ఏడు నాలుగెట్లయింది?”

“ప్రొఫెషనల్ వాళ్ళే మార్చారు శ్రీలతా. అక్కడిప్పుడంతా స్పీడు.”

“తొందరపడకు, ఆగు ఆగు అని రెండేండ్లు నా పానం తీస్తివి గదనే.”

“రూలు మారితే మనం మారొద్దూ?”

“నీకేంది, చూడకుండనే ఇసిరేస్తవ్. ఈ రూలు నీకోసమే రాసినట్టున్నరు.”

నవ్వాను. అవసరానికి మించి నవ్వాను. ఆ అమ్మాయి కూడా నవ్వి, “సరే తియ్యి. నువ్వు చెప్పినవంటే నిజమే ఉంటది,” అని సంతకం పెట్టింది.

అక్కడ ఆగిపోవచ్చు కదా? కాగితం చించెయ్యొచ్చు కదా? ఆ మాట దగ్గర నా నోరు తెరుచుకుంది కూడా, గుర్తుంది. తెరుచుకుని ఆవులించింది.

మూడువారాలు ప్రతి సాయంత్రం నాలుగు సెకన్లలో విసరడం సాధన చేసింది. బంతులందించింది నేనే. రెండేళ్ళలో వచ్చింది మూడువారాల్లో ఎలా పోతుందో దగ్గరుండి చూశాను. ఆటలో మొదటి మూడు బంతులూ ట్రాలీ వాళ్ళ చేతుల్లో పడ్డాయి. నాలుగోది గడువు దాటింది. సగం ఆటకి నన్ను దింపారు. నేను విసిరాను. ఎంత ఘోరంగా ఓడామంటే, స్కోరు రాసేవాడు పెన్ను విదిలించి విదిలించి, చివరికి అంచనాగా రాశాడు. కోచ్ అప్పటికే కారెక్కుతోంది. మా కెప్టెన్ వెళ్ళి అడిగితే, “గ్రాండ్,” అంటే ఇక్కడ ఫరవాలేదని, “కానీ తొందరెక్కువ. ఆగి చూడదు,” అందట.

ఆగి చూడదట.

శ్రీలత ఆ రోజు తర్వాత బంతి విసరలేదు. ఇప్పుడు పట్టుకునే చోట ఆడుతుంది, బాగానే ఆడుతుంది. నేను మోకాళ్ళ పేరు చెప్పి మానేసి గట్టుమీద కూర్చుంటాను. నాలుగుని మళ్ళీ ఏడు చేస్తూ సవరణ ఐదు రాయడానికి పావుగంట పట్టదు. రాస్తే కారణం గడి నింపాలి. ఆరేళ్ళుగా దాని దగ్గరే ఆగాను.

పోయిన శనివారం మా ప్లాంటుకి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒకావిడకి శ్రీలత ఆట చెబుతోంది. ఆవిడ బంతి పట్టుకుని చుట్టూ చూస్తోంది, బాగా చూస్తోంది. “అట్ల ఆగొద్దక్కా, నాలుగు దాటొద్దు. నా ఛాన్సు గట్లనే పోయింది,” అంటోంది శ్రీలత. తప్పు తనదేననుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది. లేచి వెళ్ళి చెప్పాల్సింది. ఫ్లాస్కులో టీ ఉంటే తాగాను.

మీకు చెప్పాను. నిజం చెబితే, కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకొక్కడికే. శ్రీలతకి ఇవాళ్టికీ ఏమీ తెలీదు.