చెంప ముక్క మీద ఇంటూ మార్కు

పక్క క్వార్టర్‌లో ఉండే కాక చనిపోయాడని ఆయన కోడలు ఫోన్ చేసినప్పుడు నేను రాళ్ల దగ్గరే ఉన్నాను. చేతిలో ఉన్న ముక్కను ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ అదే తోచడం లేదు.

మంథని దగ్గర ఒక ఊళ్లో బడి గోడకు పునాది తవ్వుతుంటే, యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపే వీరగల్లు బయటపడింది. గుర్రం మీద వీరుడు, చేతిలో కత్తి, అంతా ముక్కలు ముక్కలు. ముక్కల అంచులు చూసి ఏది దేనికి అతుకుతుందో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాంతో దాన్ని మళ్లీ నిలబెట్టడం నా పని.

కాక బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు వాళ్లు లోపలికి పోకముందే గని పైకప్పును కర్రతో కొట్టి, సప్పుడు విని, గట్టిదో కాదో చెప్పేవాడు. “ఇంట్ల కూసుంటే తుప్పు వడ్తున్న బిడ్డా” అంటూ నా స్కూటీ వెనక ఎక్కి వచ్చేవాడు. ప్రతి ముక్కనూ తాళంచెవితో కొట్టి చెవి పెట్టేవాడు.

“నీ కంప్యూటర్ అంచు సూస్తది. నేను లోపలి సప్పుడు వింట.”

ఒకసారి ప్రోగ్రాం గుర్రం తోకను వీరుడి గడ్డానికి అతికించింది. కాక పడీపడీ నవ్వాడు. మర్నాడు ఆయనే రెండు ముక్కలు ఒకటే రాయన్నాడు. కానే కావు. ఈసారి నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“బాయిల గిట్ల తప్పితే మనిషి పోతుండె” అన్నాడు. ఆ రోజు మళ్లీ ఒక్క ముక్కా ముట్టలేదు. ఎందుకు నవ్వానా అని ఇప్పుడు బాధగా ఉంది.

ఇక ఒక్క ముక్కే మిగిలింది. అది వీరుడి ఎడమ చెంప అని ప్రోగ్రాం అంటోంది. సరిగ్గా అతికే వైపునే కాక చాక్‌పీసుతో ఇంటూ మార్కు పెట్టి ఉంచాడు. బొగ్గుబాయిలో ఆ మార్కుంటే అటు పోవద్దని. మరి ఇక్కడ? ఇది వీరుడిది కాదనా? చూడటం అయిపోయిందనా? సోమవారం వస్తాడు కదా, అప్పుడు అడగొచ్చులే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

“సెంప లేకుంటే మొకం ఎట్లుంటది మేడం?” అంటున్నారు ఊరివాళ్లు. నిజమే. కానీ ఒకసారి అతికిస్తే మళ్లీ ఊడదీయలేం. అతికించాలంటే ముందు ఆ మార్కున్న వైపు కడగాలి.

ఇవాళ నేనూ తాళంచెవితో కొట్టి చూశాను. రాయిని వినొచ్చని నాకు చెప్పింది కాకే. ఆ ముక్క, మిగతా రాయి ఒకేలా మోగాయి. పక్కనున్న ఇటుక కూడా అలాగే మోగింది.

బకెట్‌తో నీళ్లు తెచ్చాను. ఇంటూ మార్కు చెరగకుండా పైకి తిప్పి, ముక్కను మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను.