గొంతు లేని వైపు

నా కోడలికి చూపు లేదు. పన్నెండో ఏట జ్వరంతో పోయింది. అయినా దానంత పంతం ఉన్న మనిషిని నేను చూడలేదు. చూపులేని పిల్లల బడికి పాఠ్యపుస్తకాలు టైపు చేసి, చుక్కల అక్షరాల్లో ప్రింటు తీసి ఇస్తుంది.

ఆ ప్రింటరు నాలాగే ముసలిది. పాత ఆపరేటింగ్ సిస్టం ఉంటేనే కదులుతుంది. తెర మీది మాటలు చదివి వినిపించే గొంతేమో కొత్తదాంట్లోనే పలుకుతుంది. ఇప్పటి సౌండ్ కార్డు పాతదానికి పడదట. అందుకని ఒకే కంప్యూటరులో రెండూ పెట్టించుకుంది. గొంతున్న వైపు టైపు చేసి, ఒక్కో పాఠం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, గొంతు లేని వైపుకి మారుతుంది. అక్కడ ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టుకుంటూ ప్రింటు తీస్తుంది. చూస్తుంటే నాకు గుండె దడ. పుస్తకం మొత్తానికి వేరేచోట ఇంకో కాపీ దాచిపెట్టరా అంటే మావాడు రేపు, ఎల్లుండి అంటూ ఈడ్చాడు, వాడి బద్ధకం మండ!

ఒక ఉదయం ప్రింటరు కదల్లేదు.

"అత్తయ్యా, ఒక్కసారి రండి. రెండుసార్లు ఎంటర్ కొట్టాను, ఉలుకూ పలుకూ లేదు. తెర మీద ఏముంది?"

"ఏదో పెట్టె ఉందమ్మా. అంతా ఇంగ్లీషు. నాకేం తెలుస్తుంది?"

"కనపడింది కనపడినట్టు నా చేతిలో గియ్యండి."

తెరకు ముక్కు ఆనించాను. అక్షరాలు అలికేసినట్టున్నాయి. ఒక్కోటి దాని అరచేతిలో గీశాను. నాలుగోది గీసేసరికి చెయ్యి లాక్కుంది.

"అమ్మో! ఫార్మాట్! లెక్క తప్పాను. పెన్‌డ్రైవ్ బదులు కొత్త వైపు డిస్కు తెరిచాను. అది దీనికి చదవరాదు, ఖాళీ అనుకుని మొత్తం చెరిపేయమంటావా అంటోంది. ఇంకొక్క ఎంటర్ కొట్టుంటే ఎనిమిది నెలల పని పోయేది అత్తయ్యా!"

ఇంకేదో మీట నొక్కింది.

"పెట్టె పోయిందా?"

"పోయినట్టే ఉంది."

"పోయినట్టేమిటి? సరిగ్గా చెప్పండి!"

నామీద ఏనాడూ గొంతెత్తని పిల్ల. కంప్యూటరు ఆపి, కొత్త వైపు తెరిచింది. అది తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. చివరికి ఆ గొంతు మొదటి పాఠం చదవడం మొదలుపెట్టింది. ఇద్దరం ఏడ్చేశాం.

"ఇకమీద ప్రింటప్పుడు పక్కనే ఉండండి అత్తయ్యా. మీ కళ్ళుంటే నాకు ధైర్యం."

ఇక దాచలేకపోయాను. "నా కళ్ళు మసకబారి ఏడాదైందమ్మా. ఆపరేషనంటే హడలి ఎవరికీ చెప్పలేదు. ఇందాక సగం గీతలు ఊహించి గీశాను."

అది లేచి చెప్పులు వేసుకుంది.

"పదండి, కళ్ళ డాక్టరు దగ్గరికి."

"మరి ప్రింటు?"

"పిల్లలు ఒకరోజు ఆగుతారు. లేవండి, నేను తీసుకెళ్తాను."

దాని భుజం పట్టుకుని మెట్లు దిగాను.