తూకం రోజు రెండు గుడ్లు

పిల్లల్ని తూచడమే మందు అని ఆ ఊరు ఊరంతా నమ్మింది. నమ్మనిచ్చింది మేము. ఇన్నేళ్ళకి రాస్తున్నానంటే ధైర్యం వచ్చి కాదు, ఇంక మోయలేక.

డెబ్బైలనాటి మాట. పల్లెల్లో ఆరోగ్యం మీద పరిశోధన చేసే మద్రాసు ఆఫీసొకదాంట్లో నాకు ఉద్యోగం దొరికింది. నా చదువు చూసి కాదు, నాకు తెలుగు వచ్చని. ఎన్ని తరాలుగానో పెరంబూరులోనే ఉన్నా ఇంట్లో మేం ఈడ, ఆడ అంటూ తెలుగే మాట్లాడుకుంటాం. అందులో సగం అరవమే అనుకోండి, అది వేరే సంగతి. ఆఫీసు ఎంచుకున్న రెండు ఊళ్ళూ ఊత్తుకోట పోయే దోవలో ఉండే తెలుగూళ్ళు. అరవ డాక్టర్లు పోయి అడిగితే ఆడవాళ్ళు తలుపు చాటునుంచి బయటికే రాలేదంట.

పనేమిటో చెబుతాను. రెండు ఊళ్ళలోనూ చిన్న పిల్లల్ని నెలకొకసారి తూచాలి. మొదటి ఊళ్ళో రాగిపిండి, శెనక్కాయలు, బెల్లం కలిపి కట్టిన ఉండలు పిల్లలకి రోజూ పెడతారు. రెండో ఊళ్ళో ఏమీ పెట్టరు. తూచి, రాసుకుని, వచ్చేస్తాం. చివర్లో ఏ ఊరి పిల్లలు ఎంత పెరిగారో పోల్చి చూస్తారు. అందుకని రెండో ఊళ్ళో ఏమీ ఇవ్వకూడదు. ఉండలే కాదు, మాట కూడా. జ్వరమో విరేచనాలో కనబడితే ప్రభుత్వాసుపత్రికి పొమ్మనొచ్చు. అంతకుమించి పిల్లకి ఇది పెట్టు, అది పెట్టు అని నోరు జారకూడదు. నన్ను వేసింది ఆ రెండో ఊరికే.

బడి వరండా దూలానికి తక్కెడ వేలాడదీసేవాళ్ళం. దానికి కాళ్ళు దూరే గుడ్డసంచి, పైన గడియారంలాంటి బిళ్ళ, దాంట్లో ఒక ముల్లు. మొదటి నెల ఎవరొస్తారు? పిల్లల్ని తూస్తే దిష్టి తగుల్తుందని భయం. "తక్కెట్లో ఏసేదానికి నా బిడ్డేమన్నా వంకాయా?" అని ఒకామె నా మొహం మీదే అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

బతిమాలగా బతిమాలగా ఒక అవ్వ మనవణ్ణి తెచ్చింది. ఎన్నాళ్ళుగానో దగ్గుతున్న పిల్లాడు. తూచిన వారానికి వాడి దగ్గు దానంతటదే పోయింది. ఇంకేం! ఆ ముల్లు రోగాన్ని లాగేస్తుందని అవ్వ ఊరంతా చాటింది. సూది లేదు, మాత్ర లేదు, ఊరికే ఊపితే చాలు! మరుసటి నెల మేం జీపు దిగేసరికి వరండా నిండిపోయింది. పిల్లలకి తలకి నూనె రాసి, బుగ్గన చుక్క పెట్టి మరీ తీసుకొచ్చారు.

నేను ఆఫీసులో చెప్పాను. మా పెద్దసారు నవ్వాడు. "మానకుండా వస్తున్నారు కదమ్మా, మంచిదే. మీరు సరిదిద్దబోకండి. మీరు సలహాలిచ్చారంటే ఇంక పోల్చడానికేం మిగుల్తుంది?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఈ పని పూర్తయితే అన్ని ఊళ్ళకీ ఉండలు ఇప్పించొచ్చని తిండీ నిద్రా మానుకుని కష్టపడేవాడు. చివరికి ఉండలు తిన్న పిల్లలే బాగా పెరిగారని తేలింది కూడా. ఏం తేలడంలే, మా అవ్వనడిగినా చెప్పుండేది!

ఆ వరుసలో ఎప్పుడూ ముందు నిలబడే అమ్మాయొకతె ఉండేది. ఇరవై ఏళ్ళుంటాయేమో. మొగుడు చెరుకు నరికే పనికి పోతే నెలల తరబడి రాడు. ఒక్కతే కూతురు, రెండేళ్ళది, సరిగ్గా మా అబ్బాయి ఈడు. మిగతా పిల్లలంతా సంచిలో కూర్చోబెట్టగానే ఆకాశం బద్దలయ్యేలా ఏడిస్తే, ఇది మాత్రం కిలకిలా నవ్వేది. చేతులు పుల్లల్లా ఉండేవి గానీ నోరు మాత్రం వసపిట్టే. దించబోతే సంచి పట్టుకుని "ఇంగొక తూరి" అనేది. నేను ఇంకోసారి ఊపేదాన్ని. రూల్సులో ఊపకూడదని ఎక్కడా లేదు.

తూకానికి వచ్చిన రెండో నెల ఆ తల్లి కొంగు ముడి విప్పి రెండు గుడ్లు నా ముందు పెట్టింది. "మందుకి ఏమీ తీసుకోకండా పోతావా అక్కా? మా కోడి పెట్టినయ్యి." వద్దన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. మా ఇంటి గుడ్డు నీకు పనికిరాదా అన్నట్టు చూసింది. సరేనని తీసుకున్నాను. ఇంటికి తెచ్చి ఉడకబెట్టి, అన్నంలో చిదిమి నెయ్యేసి మా వాడికి పెట్టాను. వాడు లొట్టలేసుకుంటూ తిన్నాడు. అప్పటినుంచి ప్రతి నెలా రెండు గుడ్లు. ఊరికి బయల్దేరుతుంటే వాడు గుడ్లు తెమ్మని గుర్తుచేసేవాడు కూడా.

ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. నాకు కళ్ళు లేవా? ముల్లు నాకు కనబడలేదా? మూడు నెలలుగా ఆ పిల్ల ముల్లు ఉన్నచోటే ఉంది, గోరంతైనా కదల్లేదు. నేనే చూశాను, నేనే చదివాను, పక్కన కూర్చున్నాయన రిజిస్టర్లో రాసుకున్నాడు.

ఆ మూడో నెలే అనుకుంటా, తల్లి కొంగు విప్పుతుంటే పిల్ల గుడ్డు మీదికి చెయ్యి చాపింది. "అమ్మా, నాకు" అంది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తీసేసింది. "అది అక్కకే. అక్క తూస్తేనే గదా నువ్వు పెద్దయ్యేది" అంది. పిల్ల ఏడుపు లంకించుకుంది. సంచిలో ఎన్నడూ ఏడవని పిల్ల.

నా నాలిక చివర ఒక మాట ఉంది. బిడ్డకి పెట్టు తల్లీ. అంతే. అంతకంటే పెద్ద మాటేం కాదు. మా ఇంట్లో రోజుకి పదిసార్లు అనుకునే మాట. పక్కన రిజిస్టరాయన తలెత్తి నా వంక చూస్తున్నాడు. నాది టెంపరరీ ఉద్యోగం. మా ఆయన పనిచేసే అంబత్తూరు ఫ్యాక్టరీకి తాళం వేసి అప్పటికే చాన్నాళ్ళయింది. భయపడ్డాను. భయమొక్కటే అంటే అది అబద్ధం. పరిశోధన చేస్తున్నానన్న గొప్ప కూడా ఉండేది నాకు. నా మాటవల్ల అంత పెద్ద పని చెడిపోకూడదనుకున్నాను. గుడ్లు జేబురుమాల్లో చుట్టి నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఒక నెల ఆ తల్లి తూకానికి రాలేదు. కోతల పనికి పుట్టింటికి పోయిందన్నారు. ఆ పై నెల మేం తక్కెడ వేలాడదీస్తుంటే ఆ దగ్గు పిల్లాడి అవ్వ వచ్చి చెప్పింది. పుట్టింటి నుంచి వచ్చాక పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయంట. రెండు రోజులకే పోయిందంట. తట్టుకునే ఒళ్ళేదీ దానికి? నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. వరుసలో పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. నేను ఒక్కొక్కరినీ ఎత్తి సంచిలో పెడుతూనే ఉన్నాను.

అందరూ పోయాక ఆమె వచ్చింది. ఎప్పుడూ ముందుండేది, ఆ రోజు అందరికన్నా చివర. చంకలో బిడ్డ లేదు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు దూలాన్ని మోసే స్తంభం పట్టుకుంది.

"పోయిన నెల తూకానికి రాలేకపోయినా గదక్కా. అందుకేనా?" అంది.

"కాదు తల్లీ, దానివల్ల కాదు" అన్నాను. ఆమె నమ్మలేదు.

"ఒక్క నెలే గదక్కా తప్పింది. ఒక్క నెలకే ఇట్ల చేస్తాదా?" అంది.

తూకం మందు కాదని చెప్పాలనుకున్నాను. చెబితే, మరి ఏది మందు అని అడుగుతుంది. నీ కొంగులో ఉన్నదే అని చెప్పాలా? నువ్వు నీ బిడ్డ చేతిలోంచి తప్పించి నెలనెలా నాకిచ్చిందే అని చెప్పాలా? మొన్నటిదాకా ఆఫీసు చెప్పొద్దంది. ఇప్పుడు చెబితే ఆమె బతకదు. ఎప్పుడు చెప్పాలో అప్పుడు చెప్పని మాట ఇంక ఎప్పటికీ చెప్పడానికి లేకుండా పోయింది. వరండాలోనే కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. నా ఏడుపు చూసి ఆమే నా వీపు నిమిరింది. పాపిష్టిదాన్ని, నిమిరించుకున్నాను.

జీపువాడు హారన్ కొట్టాడు. నేను లేచాను. ఆమె కొంగు ముడి విప్పింది.

"పోయిన నెలవి చెడిపోయినాయక్కా. ఇవి ఈ వారం పెట్టినయ్యే."

వద్దని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, రెండు గుడ్లూ అందులో పెట్టి మూసింది.

"నీ బిడ్డకి పెట్టక్కా" అంది.